రోము రక్తపాతం, వేంగి వంశావళి

రౌస్ హిల్ టౌన్ సెంటర్‌లో ఉన్న మా గ్రంథాలయం పేరు వినెగర్ హిల్ మెమోరియల్ లైబ్రరీ. 1804 మార్చి 5న ఈ పరిసరాల్లోనే, తిరుగుబాటు చేసిన ఖైదీలను బ్రిటిష్ సైనికులు కాల్చి చెదరగొట్టారు. ఆ ఖైదీలలో ఎక్కువమంది ఐరిష్ వారు. సంధి మాటలకు ముందుకు వచ్చిన నాయకులను పిస్తోలు గురిపెట్టి పట్టుకున్నారు. ఫిలిప్ కనింగ్‌హామ్‌ను విచారణ లేకుండా ఉరితీశారు. మరి తొమ్మిదేళ్ళకు రిచర్డ్ రౌస్ అనే అధికారికి ఇక్కడ భూమి దక్కింది. ఊరికి అతని పేరు స్థిరపడింది. పోరాటం పేరు గ్రంథాలయం గోడమీద మిగిలింది. ఆస్పత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి పోతూ నేను ఆగే చోటు అది. టామ్ హాలండ్ రాసిన 'పాక్స్' (2023) అక్కడే దొరికింది.

పుస్తకం నీరో మరణంతో మొదలై హేడ్రియన్ మరణంతో ముగుస్తుంది. అందులో నన్ను రాత్రి రెండింటి దాకా మేలుకొలిపిన భాగం క్రీ.శ. 69, నలుగురు చక్రవర్తుల సంవత్సరం. ఏడు నెలలు ఏలిన ముసలి గాల్బాను జనవరి 15న నడిబజారులో నరికి తల కోశారు. ఆ పని చేయించిన ఓథో మూడు నెలలు ఏలి, యుద్ధంలో ఓడి, ఏప్రిల్‌లో తన బాకుతో తానే పొడుచుకున్నాడు. విటెల్లియస్‌ను డిసెంబరులో వీధుల వెంట ఈడ్చి చంపి టైబర్ నదిలో పారేశారు. చివరికి వెస్పాసియన్ నిలిచాడు. నీరో మరణం నుంచి విటెల్లియస్ మరణం దాకా పద్దెనిమిది నెలల పైచిలుకు. హాలండ్ కథనం వేగంగా, కొంచెం నాటకీయంగా సాగుతుంది. సైనిక దళాల పేర్లు ఎక్కువై అక్కడక్కడ ఊపిరాడదు. అయినా చదివించే పుస్తకమే. దాని సమీక్ష రాద్దామనే కూర్చున్నాను. ఈలోగా జరిగిన ఒక సంగతి వల్ల ఇది సమీక్షగా కాక తగాదాగా మారింది.

ఆ వారంలోనే సిడ్నీలో ఒక తెలుగు సాహిత్య సమావేశానికి వెళ్ళాను. నన్నయ మీద ప్రసంగం. వక్త బాగా చదువుకున్నవారు, కంఠం మంచిది, పద్యం చదివితే హాలు నిశ్శబ్దమైంది. మధ్యలో ఆయన ఒక మాట అన్నారు: పాశ్చాత్యుల చరిత్రలో కిరీటాన్ని కత్తి నిర్ణయించిందనీ, మన వేంగిలో ధర్మం నిర్ణయించిందనీ, అటువంటి ప్రశాంతమైన ఆస్థానంలో గనుకనే మన ఆదికావ్యం అవతరించిందనీ. చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. కారులో సగం దూరం వచ్చాక గానీ నా చేతులు చేసిన పని నాకు తెలియలేదు.

ఎందుకంటే ఆ మాట అబద్ధం. అది అబద్ధమని చెప్పే సాక్ష్యం ఎక్కడో విదేశీ దస్తావేజుల్లో లేదు. వేంగి చాళుక్యులే రాగిరేకుల మీద చెక్కించి, వరాహం ముద్రతో, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదుతో సీలు వేసి మనకు అప్పగించారు. వాళ్ళ దానశాసనాలకు ఒక అలవాటుంది. దానం చేసే రాజు తన ముందు ఏలినవారందరినీ వరుసగా పేర్కొని, ఎవరెంత కాలం ఏలారో లెక్క చెబుతాడు. కుబ్జ విష్ణువర్ధనుడు పద్దెనిమిదేళ్ళు అని మొదలవుతుంది. నాలుగడుగులు వేయగానే ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు. ఏడు సంవత్సరాలు కాదు, రోజులే. తర్వాత కొంత దూరంలో కొక్కిలి ఆరు నెలలు; అతణ్ణి తోసి సింహాసనమెక్కినవాడు సొంత సోదరుడే.

అసలు కథ పదో శతాబ్దంలో ఉంది. గుణగ విజయాదిత్యుడు నలభై నాలుగేళ్ళు ఏలి 892లో పోయాడు. అతనికి ఇద్దరు తమ్ముళ్ళు: విక్రమాదిత్యుడు, యుద్ధమల్లుడు. రాజ్యం విక్రమాదిత్యుని కొడుకు చాళుక్య భీమునికి వచ్చింది. పినతండ్రి యుద్ధమల్లుడు ఒప్పుకోలేదు. పడమట ఉన్న రాష్ట్రకూటుల సాయం తెచ్చుకున్నాడు. అక్కడి నుంచి రెండు శాఖలు, ఒకే తాత మనుమలు, ఒకరి గొంతు ఒకరు వెతుక్కుంటూ బతికారు. భీముడు ముప్పై ఏళ్ళు నిలదొక్కుకున్నాడు. అతని కొడుకు కొల్లభిగండ విజయాదిత్యుడు ఆరు నెలలు. మనుమడు అమ్మరాజు ఏడేళ్ళు. 920ల చివర అమ్మరాజు చనిపోయాక వచ్చిన లెక్క చూడండి.

అమ్మరాజు కొడుకు బేతరాజు, అయిదవ విజయాదిత్యుడు: పదిహేను రోజులు. యుద్ధమల్లుని కొడుకు తాళరాజు అతణ్ణి తొలగించి ఎక్కాడు: ఒక నెల. చాళుక్య భీముని కొడుకు రెండవ విక్రమాదిత్యుడు తాళరాజును చంపి ఎక్కాడు: పదకొండు నెలలు. అమ్మరాజు మరో కొడుకు భీముడు: ఎనిమిది నెలలు. అతణ్ణి చంపినవాడు తాళరాజు కొడుకు రెండవ యుద్ధమల్లుడు. అతను ఏడేళ్ళు ఏలాడు. శాసనం నుంచి శాసనానికి నెలల లెక్క కొద్దిగా మారుతుంది గానీ వరుస మారదు. నలుగురు రాజులు, ఇరవై నెలలు. రోములో పద్దెనిమిది నెలలు పట్టిన పని వేంగిలో ఇరవై నెలలు పట్టింది. ధర్మానికీ కత్తికీ తేడా ఆ రెండు నెలలేనా?

పోలిక వినోదం కోసం చేయడం లేదు. రెండు చోట్లా యంత్రం ఒకటే. రోములో నీరో తర్వాత తెలిసివచ్చిన సంగతి, చక్రవర్తిని రోము నగరంలోనే తయారు చేయనక్కర్లేదని. స్పెయిన్‌లో ఉన్న గాల్బాను, రైన్ నది ఒడ్డు దళాలు విటెల్లియస్‌ను, తూర్పు దళాలు వెస్పాసియన్‌ను నిలబెట్టాయి. సైన్యం ఎక్కడుంటే సింహాసనం అక్కడ. 193లో అంగరక్షకులు పెర్టినాక్స్‌ను మూడు నెలలైనా నిండకముందే చంపి, పదవిని వేలం వేశారు. పాడుకున్న దిదియుస్ జూలియానుస్‌కు అరవై ఆరు రోజులు దక్కింది. వేంగిలోనూ అంతే. వేంగి రాజును మాన్యఖేటంలో తయారు చేయవచ్చు, తర్వాతి కాలంలో తంజావూరులోనో కల్యాణిలోనో తయారు చేయవచ్చు. కృష్ణా గోదావరుల నడుమ నేల సారవంతమైనది, రేవులున్నది. ఇరుగుపొరుగు పెద్ద రాజ్యాలకు అది కావాలి. ఆ ఇంట్లో అలిగిన దాయాది ఒకడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. పెద్దకొడుకుకే రాజ్యం అనే నియమం పుస్తకాల్లో ఉండవచ్చు గాక. ఇద్దరు ముగ్గురు రాణులున్న ఇంట్లో ప్రతి కొడుకూ ఒక సైన్యానికి సాకు.

రెండవ అమ్మరాజుకు పన్నెండో ఏట, 945లో, పట్టం కట్టారు. సవతి తల్లి కొడుకు దానార్ణవుడు వయసులో పెద్దవాడు. ఇరవై అయిదేళ్ళ తర్వాత దానార్ణవుడు సింహాసనం లాక్కున్నాడు. మూడేళ్ళకు అమ్మరాజు బావమరిది జటాచోడ భీముడు దానార్ణవుణ్ణి చంపి వేంగిని పట్టుకున్నాడు. దానార్ణవుని కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు దేశం విడిచి, చివరికి చోళుల పంచన చేరారు. రాజరాజచోళుని సైన్యం వెంట రాగా శక్తివర్మ తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఈ గెలిచిన శాఖ వేయించిన శాసనాలు చూడండి. దానార్ణవునికీ శక్తివర్మకూ మధ్య ఇరవై ఏడేళ్ళు వేంగికి నాథుడే లేడట! ఆ ఇరవై ఏడేళ్ళు ఏలినవాడు కంచి దాకా దండెత్తి, అక్కడి కైలాసనాథాలయంలో శాసనం వేయించినవాడు. అతని పేరు వంశావళిలో ఉండదు. విధివశాత్తు రాజు లేడు అంటే సరిపోయింది.

నేను రోజూ చేసే పనుల్లో మరణ ధ్రువపత్రం రాయడం ఒకటి. ఈ దేశంలో అందులో కారణం గడి ఖాళీగా వదలడం కుదరదు. హింస వల్ల, అనుమానాస్పదంగా సంభవించిన మరణమైతే నేను సంతకమే చేయకూడదు, కారొనర్‌కు పంపాలి. ముప్పై ఏళ్ళ అలవాటు వల్ల కాబోలు, వంశావళి చదువుతుంటే నా కన్ను ఆ ఖాళీ గడి మీదే పడుతుంది. ఏలిన కాలం రోజులతో సహా ఉంది. ఎందుకు ముగిసిందో చాలాచోట్ల లేదు. ఉన్నచోట గెలిచినవాడి మాటే ఉంది. దానశాసనం చరిత్ర గ్రంథం కాదు, భూమి హక్కు పత్రం అని పండితులు అంటారు. నిజమే. ఇచ్చేవాడికి హక్కుందని చూపడానికే ఆ వరుస. అందుకే పదిహేను రోజులవాణ్ణి కూడా వదల్లేదు. గొలుసులో కొక్కెం తప్పితే దానం చెల్లదు. మనం మాత్రం ఆ గొలుసు తళతళ చూసి, ప్రశాంతి అని పేరు పెట్టుకున్నాం.

ఈ లెక్కలన్నీ పంతొమ్మిదో శతాబ్దం చివర ఫ్లీట్ రోజులూ నెలలూ కూడి కాలక్రమం నిర్ణయించినప్పటి నుంచీ అచ్చులో ఉన్నాయి. నేలటూరి వెంకటరమణయ్యగారు 1950లో వేంగి చాళుక్యుల మీద పుస్తకమే రాశారు. చరిత్రకారుల మీద నాకు ఫిర్యాదు లేదు. నా తగాదా మనతో, అంటే సాహిత్యం వాళ్ళతో. మనకు శాసనం అంటే ఛందస్సు. బెజవాడలో యుద్ధమల్లుని శాసనం చదివాం; కుమారస్వామి గుడి కట్టించాడనీ, మధ్యాక్కర పద్యాలు అందులో ఉన్నాయనీ పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ గుడి కట్టించినవాడు దాయాదిని చంపి సింహాసనమెక్కినవాడనీ, తన తండ్రి నెలకే చచ్చిన రాజనీ ఏ తెలుగు మాస్టారూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పద్యాలు ఇంకా బాగా గుర్తుండేవి. ఊరి నడిబొడ్డున గుడి కట్టి, ప్రజల భాషలో పద్యం చెక్కించవలసిన అవసరం ఎటువంటి రాజుకు ఎక్కువగా ఉంటుంది? ఈ ప్రశ్న ఛందస్సు పాఠంలోనే అడగవలసింది.

ఇక నన్నయ. రాజరాజనరేంద్రుని తండ్రి విమలాదిత్యుడు, అంటే తండ్రి హత్య తర్వాత దేశం విడిచి పెరిగిన కుర్రవాడు. అతనికి ఇద్దరు రాణులు: చోళ రాజపుత్రి కుందవ కొడుకు రాజరాజు, తెలుగు చోడుల ఆడపడుచు మేడమ కొడుకు విజయాదిత్యుడు. తండ్రి పోయాక సవతి తమ్ముడు అడ్డం తిరగడం వల్ల రాజరాజు పట్టాభిషేకం 1022 దాకా జరగలేదు. అదీ మేనమామ రాజేంద్రచోళుని సైన్యం వచ్చాకనే. 1031లో విజయాదిత్యుడు కల్యాణి చాళుక్యుల అండతో వేంగిని పట్టుకున్నాడు. రాజరాజు కొన్నేళ్ళు సింహాసనం లేని రాజుగా ఉన్నాడు. కర్ణాట సైన్యంతో జరిగిన యుద్ధంలో ముగ్గురు చోళ సేనానులు అతని కోసం చనిపోతే, వారి పేర కలిదిండిలో మూడు శివాలయాలు కట్టించాడు. ఆ సంగతి కలిదిండి శాసనంలో ఉంది. 1061లో రాజరాజు చనిపోగానే రాజ్యం కొడుక్కు రాలేదు. మళ్ళీ ఆ తమ్ముడి చేతికే పోయింది. తమ్ముడి కొడుకు రెండవ శక్తివర్మ ఏడాది ఏలి చనిపోయాడు. రాజరాజు కొడుకు తొమ్మిదేళ్ళు ఆగి, 1070లో, కొద్ది వారాలే ఏలిన అధిరాజేంద్రుని తర్వాత తంజావూరు వైపు సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు.

ఇదీ ఆ 'ప్రశాంతమైన ఆస్థానం'. అటువంటి రాజు తన కులబ్రాహ్మణుణ్ణి పిలిచి తెలుగులో చెప్పమన్న కథ ఏది? దాయాదులు రాజ్యం కోసం కొట్టుకున్న కథ. తాను చంద్రవంశం వాడిననీ, పాండవులు తన పూర్వులనీ అతని శాసనాలే చెబుతాయి. ఇంకొక సంగతి గమనించండి. నన్నయ చేతికి వచ్చింది యుద్ధం కాదు. యుద్ధం తిక్కనగారి వంతు. నన్నయ చెప్పింది ఆదిపర్వం, సభాపర్వం, అరణ్యపర్వంలో కొంత. అంటే తినే తిండిలో విషం, నిద్రపోయే ఇంటికి నిప్పు, సగం రాజ్యం పంపకం, జూదం, వనవాసం. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న తల్లీబిడ్డల కథ వింటున్నవాడు, తండ్రి బాల్యమంతా అటువంటిదేనని తెలిసినవాడు. ఆ సభలో అది పురాణ కాలక్షేపం ఎలా అవుతుంది? అది ఇంటి గొడవ. నందంపూడి శాసనం (1053) రచించినది కూడా నన్నయే. ఏ రాజు ఎన్నాళ్ళు ఏలాడో చెప్పే వంశావళి అందులోనూ ఉంది. పదిహేను రోజుల రాజు, నెల రాజు, నాథుడు లేని ఇరవై ఏడేళ్ళు ఆ కవికి బాగా తెలిసిన పాఠం. అది తెలిసిన కలమే లక్క ఇంటిని తగలబెట్టింది.

రాజరాజుకు భక్తి లేదని నేననడం లేదు. వేదం, పురాణం, ధర్మశాస్త్రం ఆ గ్రంథంలో లేవనీ అనడం లేదు. ప్రసన్నకథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత గురించి మన విమర్శకులు రాసిన వేలకొద్దీ పేజీలు నాకు ఇష్టమే. కానీ రక్తపోటు మందు వేసుకుంటున్నవాడి రక్తపోటు మామూలుగా ఉందని చూసి, 'ఇతనికి ఏ జబ్బూ లేదు' అనే కుర్ర డాక్టరును నేను మందలిస్తాను. నన్నయ ప్రసన్నతను చూసి ఆ కాలమే ప్రసన్నమనుకోవడం ఆ కుర్ర డాక్టరు చేసే పొరపాటే. ఆ ప్రసన్నత సాధించుకున్నది. దేనికి ఎదురుగా సాధించాడో తెలియకపోతే దాని ఖరీదు మనకు తెలియదు. ప్రశాంతమైన ఆస్థానం అని పొగిడినవారు నన్నయను పెంచారనుకుంటున్నారు, తగ్గించారు.

జనం మాత్రం మనకంటే తెలివైనవారు. రాజరాజనరేంద్రుడి పేరు చెబితే మామూలు తెలుగువాడికి గుర్తొచ్చేది భారతం కాదు, సారంగధరుడు. కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించిన తండ్రి. శాసనాల్లో సారంగధరుడు లేడు, అది కట్టుకథే. అయినా ఆ రాజమహేంద్రవరం కోటలో వారసుల ఒళ్ళు క్షేమం కాదనే సంగతి ఆ కథకు తెలుసు. కాకపోతే నేరం ఎవరి మీద వేసిందో చూడండి: చిత్రాంగి మీద. రెండు వందల ఏళ్ళు మగవాళ్ళు సైన్యాలతో చేసుకున్న హత్యలకు చివరికి ఒక సవతి తల్లి కామం కారణమైంది. కావ్యాలు, యక్షగానాలు, నాటకాలు, సినిమాలు తీసి ఆ తీర్పునే ఖాయం చేశాం. ఈ ఒక్క విషయం మీద వేరే వ్యాసం రాయాలి.

మన దేశంలో రాజుల చావుల్ని దాచకుండా రాసే సంప్రదాయం లేదు కదా, టాసిటస్‌నూ స్వెటోనియస్‌నూ వేంగిలో వెతకడం అన్యాయం కదా అని ఒక మిత్రుడు అడిగారు. మన దేశంలో లేదనకండి. నన్నయ తర్వాత నూరేళ్ళకు కాశ్మీరంలో కల్హణుడు రాజతరంగిణి రాశాడు. 1111లో ఉచ్చలుణ్ణి అంతఃపురంలో పొడిచి చంపిన సంగతి, ఆ రాత్రి సింహాసనమెక్కి మర్నాటికే హతుడైన రడ్డుడి సంగతి, తన కాలానికి దగ్గరివే అయినా దాచకుండా చెప్పాడు. తెలుగుదేశానికి వస్తే, 1614లో వెంకటపతి రాయలు పోయాక శ్రీరంగరాయణ్ణి నెలల్లోనే కుటుంబంతో సహా గొబ్బూరి జగ్గరాయడు చంపించిన ఘోరం మనకు ఇంత వివరంగా తెలిసింది బరాడస్ అనే పోర్చుగీసు పాదిరి ఉత్తరం వల్ల. ఒక్క బిడ్డను చాకలివాని సాయంతో బయటికి తెప్పించిన వెలుగోటి యాచమనాయకుని కథ తెలుగులో ఎంతమంది నవలగా రాశారు?

ఇంత కోపం ఎందుకని నా భార్య అడిగింది. కారణం ఉంది. మా అమ్మాయి ఇక్కడి హైస్కూల్లో ప్రాచీన చరిత్ర తీసుకుంది. జూలియో క్లాడియన్ వంశం, క్రీ.శ. 69 దాకా, పరీక్షకు ఉండేది. ఒక రాత్రి అన్నం తింటూ, "మనవాళ్ళలో ఇట్లాంటి కథలు లేవా నాన్నా?" అంది. "మన రాజులు వేరమ్మా" అన్నాను. అంతే. ఆ పిల్ల తల ఊపి రోముకు వెళ్ళిపోయింది. ఇవాళ ఆమెకు గాల్బా తెలుసు, అగ్రిప్పీనా తెలుసు. వేంగి అంటే నాన్న వెళ్ళే మీటింగుల్లో వినిపించే పేరు. ఆ వక్తను నేను తప్పుపట్టడం ఎంత సులభమో! ఆయన వేదిక మీద చెప్పింది నేను భోజనాల బల్ల దగ్గర చెప్పాను.

గత ఆదివారం ఆ నలుగురు రాజుల పేర్లు, వాళ్ళు ఏలిన రోజుల లెక్క తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో అర్థం రాసి ఆమెకు పంపాను. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. బేతరాజు వంశం పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదనీ, 1202లో పిఠాపురంలో శాసనం వేయించిన మల్లపదేవుడు అతని సంతతివాడినని చెప్పుకున్నాడనీ కూడా చేర్చాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఒకటే ప్రశ్న: ఆ పదిహేను రోజులవాడికి వయసెంత?

పుస్తకాలు మళ్ళీ తీశాను. శాసనం అతణ్ణి బాలుడు అంటుంది. అంతకు మించి లేదు.